పంక్చర్ల సంగతి తర్వాత, ముందు ఆ వంకర చూడండి

ప్రశ్న: మాది మియాపూర్. నిరుడు ఒక రోడ్డు సైకిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దానితో వచ్చిన టైర్లే ఇంకా వాడుతున్నాను. కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 5000, సైజు 700×25. ఈ నెలలో వెనక చక్రం మూడుసార్లు పంక్చరైంది. పంక్చర్ షాపాయన "టైరు గుండైపోయింది సార్, మార్చేయండి" అంటున్నాడు. మా గ్రూపులో ఒకాయన "రోడ్డు సైకిల్ టైర్లు కొత్తవైనా నున్నగానే ఉంటాయి, ఇంకో రెండు వేల కిలోమీటర్లు లాగొచ్చు" అంటున్నాడు. పక్కల సన్నటి గీతలు కూడా పడ్డాయి. వచ్చే నెల మొదటిసారి 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోపు ఎవరి సాయం లేకుండా తొక్కి పూర్తిచేయాల్సిన దూరపు రైడు) పేరిచ్చాను, ఒకటే టెన్షన్‌గా ఉంది. ఒక టైరు కొంటే సరిపోతుందా, రెండూ మార్చాలా? టైరు అయిపోయిందని మనంతట మనం ఎలా తెలుసుకోవాలి? ఇంకోటి, వెనక చక్రం తిప్పితే ఒకచోట టైరు కాస్త పక్కకు వంకర పోతున్నట్టుంది. రిమ్ము బెండేమో, అది కూడా చూపించాలి.

సమాధానం: మీ ఉత్తరంలో ముప్పాతిక వంతు పంక్చర్ల గురించే ఉంది. చివర్లో "ఇంకోటి" అని ఒక్క ముక్కలో తేల్చేసిన ఆ వంకర దగ్గరే నాకు భయం వేసింది. అది తేలేదాకా సైకిల్ బయటికి తీయకండి. పంక్చరైతే గాలి పోతుంది, దిగి ట్యూబు మార్చుకుంటాం, పది నిమిషాలు పోతే పోయాయి. టైరు లోపలి దారాలు తెగితే అలా కాదు, ఠాప్‌మని పేలుతుంది. ఫ్లైఓవర్ దిగుతూ నలభైలో ఉన్నప్పుడు పేలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

వంకర రిమ్ముదా టైరుదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సైకిల్‌ని బోర్లా తిప్పి నిలబెట్టండి. వెనక చక్రాన్ని మెల్లగా తిప్పుతూ బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య ఖాళీని మాత్రమే చూడండి, టైరు వంక చూడొద్దు. డిస్క్ బ్రేకులైతే ఫ్రేముకి ఒక పెన్సిల్ కట్టి, దాని మొన రిమ్ము అంచుకు దగ్గరగా ఉండేలా పెట్టుకోండి. ఆ ఖాళీ పెరుగుతూ తరుగుతూ ఉంటే రిమ్ములో వంకర ఉన్నట్టే. అది పుల్లలు (స్పోకులు) బిగించి సరిచేయించుకునే పని, సైకిల్ మెకానిక్ చూసుకుంటాడు. రిమ్ము నిలకడగా తిరుగుతూ టైరు ఒక్కటే పక్కకో పైకో ఎగురుతుంటే, తప్పు టైరులో ఉంది.

అప్పుడు కూడా వెంటనే టైరు పారేయకండి. టైరు రిమ్ములో సరిగ్గా కూర్చోకపోయినా ఇలాగే ఎగురుతుంది. మూడుసార్లు ఊడదీసి ఎక్కించారు కాబట్టి అదీ జరిగి ఉండొచ్చు. రిమ్ము అంచుకు కాస్త పైన, టైరు చుట్టూ అచ్చులో వచ్చిన ఒక సన్నటి గీత ఉంటుంది. అది రిమ్ముకు అన్ని చోట్లా ఒకే ఎత్తులో కనబడాలి. ఒకచోట లోపలికి మునిగినా, ఇంకోచోట పైకి లేచినా టైరు సరిగ్గా కూర్చోలేదు. గాలి పూర్తిగా తీసి, రెండు చేతులతో చుట్టూ నొక్కి, అంచుకి కాస్త సబ్బునీళ్లు రాసి మళ్లీ గాలి కొట్టండి. ట్యూబు ఎక్కడైనా టైరు అంచు కింద ఇరుక్కుందేమో రెండు పక్కలా చూసుకున్నాకే కొట్టాలి.

గీత చుట్టూ సమానంగానే ఉండి, అయినా టైరు అదే చోట వంకర పోతుంటే, లేదా అక్కడ వేలితో తడిమితే బుడిపెలా తగులుతుంటే, లోపల దారాలు తెగాయి. దానికి రిపేరు లేదు. పైన రబ్బరు నిన్న కొన్నట్టు నిగనిగలాడుతున్నా సరే, ఆ టైరు పని అయిపోయింది. ఈ ఒక్క విషయంలో నేను బేరాలాడను.

ఎందుకింత పట్టుదల అంటే, గాలి ఒత్తిడిని మోసేది రబ్బరు కాదు. టైరు అసలు ఒళ్లంతా నైలాన్ దారాలు. పక్కపక్కనే పరిచిన సన్నటి దారాల పొరలు, ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, ఎదురెదురు దిశల్లో వేస్తారు. మీ టైరులో అలాంటి పొరలు నడిమధ్య మూడు వరకు ఉంటాయి, ఒక్కో పొరలో అంగుళానికి 110 దారాలు. రబ్బరు ఆ దారాలకు తొడిగిన చొక్కా మాత్రమే. రోడ్డుని పట్టుకోవడం, దారాలకు ఎండా తడీ రాపిడీ తగలకుండా చూడడం దాని పని. కారు టైరులో గాలి 30, 35 పీఎస్‌ఐ ఉంటుంది. మీ సైకిల్ టైరులో 80, 90. అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 6 కిలోల ఒత్తిడి. దాన్ని ఆపుతున్నది మధ్యలో మూడు మిల్లీమీటర్లు కూడా లేని మందం, పక్కల అయితే అంతకంటే ఎంతో పల్చన. అందుకే టైరుని పరీక్షించడమంటే నా లెక్కలో దారాల కోసం వెతకడమే. ఎక్కడైనా దారం కనబడిందా, తెగిందా, వదులైందా? మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇక గుండు సంగతి. షాపాయనా మీ గ్రూపాయనా ఇద్దరూ సగం సగం రైటే. బైకు టైర్లు, కారు టైర్లు చూసిన కంటికి గాళ్లు పోవడమే గుండు. ఆ గాళ్లు ఉన్నది చక్రం కింద నీళ్లు నిలవకుండా తోసేయడానికి. రోడ్డు సైకిల్ టైరు సన్నం, గుండ్రం, పైగా గాలి గట్టిగా ఉంటుంది. మనం తొక్కే స్పీడులో అది నీటి మీద తేలే ప్రసక్తే లేదు, నీటిని చీల్చుకుని రోడ్డుని తాకుతుంది. అందుకే కొత్తదైనా నున్నగానే వస్తుంది. పక్కల కనిపించే చిన్న చిన్న గీతల డిజైను ఎక్కువగా కంటికి ఇంపు కోసమే. అది చెక్కుచెదరకుండా ఉందని సంబరపడొద్దు, ఎందుకంటే ఆ భాగం మలుపుల్లో తప్ప రోడ్డుకి తగలదు. అరుగుదలంతా నడిమధ్యనే.

నడిమధ్య అరుగుదల చూడ్డానికి మీ టైరు మీద కంపెనీవాళ్లే గుర్తు పెట్టారు. వెనక టైరు శుభ్రంగా తుడిచి, వెలుతురులో మెల్లగా తిప్పుతూ చూడండి. మధ్య భాగంలో దగ్గర దగ్గరగా రెండు చిన్న గుంటలు కనిపిస్తాయి, మినపగింజ కూడా పట్టనంతవి. చుట్టూ మొత్తానికి ఒక్క చోటే ఉంటాయి కాబట్టి ఓపిగ్గా వెతకాలి. మట్టితో పూడుకుపోయి ఉంటే పంటిపుల్లతో గీకండి. గుంటలు లోతుగా తెలుస్తుంటే రబ్బరు ఇంకా ఉంది. మరకలా మాత్రమే మిగిలినా, అసలు దొరక్కపోయినా టైరు అయిపోయింది. అన్ని కంపెనీల టైర్లకూ ఈ గుంటలుండవు. లేనివాటికి ఆకారమే ఆధారం. గాలి నింపి వెనక నుంచి, టైరు ఎత్తుకి వంగి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన వీపు బల్లపరుపుగా మారి, రెండు పక్కలా అంచులు లేచినట్టుంటే చివరి రోజులే. నల్ల రబ్బరు మధ్యలోంచి వేరే రంగు పొరో, గళ్ల గళ్లుగా దారాల జాడో కనబడితే మాత్రం ఇక ఎదురుచూడక్కర్లేదు.

ఎన్ని కిలోమీటర్లని అడుగుతారు అందరూ. మీ బరువు, మన రోడ్లు, గాలి ఎలా కొడతారు, వీటన్నిటి మీదా ఆధారపడుతుంది. ఇలాంటి రేసింగ్ టైరు వెనక మూడు నుంచి ఐదు వేల కిలోమీటర్లు రావడం మామూలు. ముందుది ఇంచుమించు దానికి రెట్టింపు. మన బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే ఉంటుంది, తొక్కే బలమూ దాని ద్వారానే రోడ్డుకి చేరుతుంది, అందుకే ఆ తేడా. మీది సెకండ్ హ్యాండ్ కనుక పాత లెక్క తెలియదు. అందుకే అంకెల్ని వదిలేసి టైరునే నమ్మండి.

పరీక్షకి ఒక ఆదివారం పొద్దున అరగంట చాలు. మామూలు సబ్బునీళ్లతో టైరు కడిగి ఆరనివ్వండి. కిరోసిన్, డీజిల్ పెట్టి తుడిచే అలవాటు కొందరికి ఉంది, అవి రబ్బరుని తినేస్తాయి, వాటి జోలికి పోవద్దు. కార్లకు కొట్టే టైరు పాలిష్ కూడా వద్దు, రోడ్డుకి తగిలే చోటా రిమ్ము మీదా పడితే జారుడే. ఆరాక గాలి సగానికి తగ్గించండి. గాలి నిండా ఉంటే కొన్ని కోతలు మూసుకుపోయి కనబడవు, తగ్గించి చేత్తో వంచితే నోళ్లు తెరుస్తాయి. వాల్వు దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు చొప్పున నొక్కుతూ చూసుకుంటూ రండి. చిన్న చిన్న గాట్లు డజన్ల కొద్దీ ఉంటాయి, కంగారుపడకండి. ఒక్కో గాటులో గాజుముక్కో కంకరపలుకో దాక్కుని ఉంటుంది. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. తడి రబ్బరులోకి గాజు సులువుగా దిగుతుంది, టైరుకి అంటుకుని ప్రతి చుట్టులోనూ ఇంకొంచెం లోపలికి పోతుంది. మొండి సూదితోనో గుండుపిన్నుతోనో పైకి కెలికి తీయండి, లోపలికి పొడవద్దు.

తీశాక ఆ గాటుని రెండు బొటనవేళ్లతో విప్పి చూడండి. అడుగున నల్లగానే ఉంటే రబ్బరు మాత్రమే తెగింది, పోనివ్వొచ్చు. అడుగున తెల్లగానో, పసుపుపచ్చగానో, పీచులానో కనబడితే గాటు దారాల దాకా పోయింది. పీచు తెగకుండా ఉండి, గాటు మూడు నాలుగు మిల్లీమీటర్లలోపు ఉంటే లోపలి నుంచి గేటరు (టైరుకీ ట్యూబుకీ మధ్య పెట్టే గట్టి ముక్క) వేసి కొన్నాళ్లు ఊళ్లో నడిపించొచ్చు. అంతకు మించితే, లేదా గాలి నింపినప్పుడు ఆ చోట రబ్బరు ఉబ్బుతుంటే వద్దు. గాటులో సూపర్ గ్లూ పోసి మూసేవాళ్లున్నారు. దానివల్ల మట్టి దూరకుండా ఉంటుందేమో గానీ తెగిన దారం అతుక్కోదు.

పక్కల గీతల గురించి అడిగారు. అది రెండు రకాలు. ఎండ, గాలిలోని ఓజోన్ వల్ల రబ్బరు ఎండి, పాత పెయింటులా సన్నటి బీటలు తీస్తుంది. పడమటి బాల్కనీలో గాలి లేకుండా నెలల తరబడి పెట్టేసిన సైకిళ్లకు ఇది మామూలే. బీటలు పైపైన ఉంటే పర్వాలేదు. గోటితో గీకితే రబ్బరు పొట్టులా రాలుతున్నా, బీటల్లోంచి పీచు లేస్తున్నా మార్చేయాలి. రెండో రకం ఒకే ఎత్తులో చుట్టూతా గీసినట్టుండే గీత. అది బ్రేకు రబ్బరు పైకి జరిగి బ్రేకు పట్టినప్పుడల్లా టైరుని కోస్తున్న గుర్తు. ఇది చాలా ప్రమాదం. పక్కగోడ పల్చన, అక్కడ రబ్బరు అర మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. బ్రేకు రబ్బరు రిమ్ము మీదే పడేలా కిందికి దించకుండా కొత్త టైరు వేస్తే, దాన్నీ అది అలాగే తినేస్తుంది. పక్కగోడలో దారాల దాకా పోయిన కోతకి నేనైతే గేటరు కూడా వేయను, ఇల్లు చేరడానికి తప్ప.

ఇప్పుడు మీ మూడు పంక్చర్లు. మూడూ ఒకే చోట పడ్డాయో లేదో మీరు రాయలేదు, షాపాయన చూసి ఉండడు. ట్యూబుకి ప్యాచీ వేసి, టైరు ఎక్కించి ఇచ్చేయడం ఆయన పని, అంతవరకు బాగానే చేస్తాడు. టైరు లోపల ముల్లు మిగిలిందా లేదా అని వెతకడం మన పని. ట్యూబు తీసి గాలి కొట్టి ప్యాచీలు ఎక్కడెక్కడున్నాయో చూడండి. చక్రం లోపలి వైపు, పుల్లల వైపు ఉంటే తప్పు టైరుది కాదు. రిమ్ము లోపలి పట్టీ జరిగి పుల్లల బొక్కల అంచు ట్యూబుని కోస్తోంది. పక్కపక్కనే రెండు చిల్లులు పాము కాటులా ఉంటే గాలి తక్కువగా ఉండి గుంతలో రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగింది. రోడ్డు వైపు, మూడూ జానెడు దూరంలోపే ఉంటే టైరులో ఇంకా ఏదో ఉంది.

ఆ ఏదోను పట్టుకోవడం అంత తేలిక కాదు. పల్లేరు కాయ, తుమ్మముల్లు అయితే కంటికి కనిపిస్తాయి. లారీ టైర్లు పేలినప్పుడు వాటిలోని సన్నటి ఉక్కుతీగలు ముక్కలై రోడ్డు పక్కకి చేరతాయి. వెంట్రుకకంటే కాస్త లావు, అంతే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లూ శుభ్రంగానే ఉండొచ్చు, అక్కడిదాకా మీరు తొక్కుకుంటూ వెళ్లే సర్వీసు రోడ్డు మాత్రం మామూలుదే. బయటినుంచి ఆ తీగ కనబడదు. టైరు లోపల దూదిముక్కతో చుట్టూ తుడవండి, ఒకసారి అటు, ఒకసారి ఇటు. తీగ మొన ఉన్నచోట దూది పీచు చిక్కుకుంటుంది. వేలితో పరపరా రాస్తే వేలు తెగుతుంది, గాజు ఉంటే మరీను. దొరికిన తీగని ముల్లు తీసే చిన్న పట్టకారుతో బయటికి లాగండి. వచ్చేసారి నుంచి టైరు మీద పేరు రాసి ఉన్న చోటు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా ఎక్కించండి. ట్యూబులో చిల్లు దొరికితే వాల్వు నుంచి అదే దూరంలో టైరులో వెతికితే సరిపోతుంది. సైకిల్ షాపుల్లో అలా ఎక్కించేది అందం కోసమని చాలామంది అనుకుంటారు.

టైరు అరిగి పల్చబడితే పంక్చర్లు పెరుగుతాయన్నది నిజమే, కాబట్టి షాపాయన మాటని కొట్టిపారేయను. కాకపోతే లోపల తీగ ఉన్నంతకాలం కొత్త ట్యూబు వేసినా అది ఆగదు.

ఒకటా రెండా అన్నదానికి నా జవాబు: వంకర టైరుదే అని తేలినా, గుంటలు మాయమైనా ఒక కొత్త టైరు కొనండి. దాన్ని వెనక వేయకండి. ముందు టైరు పక్కగోడలు, గాట్లు బాగున్నట్టయితే దాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయండి. వెనక చక్రం గాలి పోతే సైకిల్ ఊగుతుంది, చాలావరకు ఆపుకోగలం. ముందుది పేలితే హ్యాండిల్ మన మాట వినదు. మంచి టైరు ముందు ఉండాలన్నది అందుకే. పక్కల బీటలు రెండిటికీ ఒకేలా ఉన్నాయంటే రెండూ ఒకే వయసువి, ఒకే ఎండలో ఎండినవి. అప్పుడు డబ్బులు చూసుకోకుండా రెండూ మార్చండి. ఫ్రేములోనూ బ్రేకుల దగ్గరా ఖాళీ ఉంటే 28 తీసుకోమని నా సలహా, మన స్పీడ్ బ్రేకర్లకు ఆ మూడు మిల్లీమీటర్లు చాలా పనికొస్తాయి. కొనేటప్పుడు 28-622 అని ఉందో లేదో చూడండి, 622 అన్నదే మీ రిమ్ముకి సరిపడే కొలత. ఎక్కించేటప్పుడు పక్కన బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే దిక్కుకే పెట్టండి.

గాలి కొట్టేవాళ్లు టైరు పక్కన రాసిన అంకె చూసి అంతా నింపేస్తుంటారు. అది దాటకూడని హద్దు, నింపమని చెప్పే కొలత కాదు. మీరు డెబ్భై, డెబ్భై ఐదు కిలోలుంటే 25 టైరుకి ముందు 80, వెనక 85-90 దగ్గర మొదలుపెట్టండి. 28కి ఇంకో పది తగ్గించొచ్చు. రిమ్ము మీద కూడా హద్దు రాసి ఉంటే ఆ రెండిట్లో తక్కువదాన్ని పట్టుకోండి. మామూలు ట్యూబుల్లో గాలి రోజురోజుకీ కొంత పోతూనే ఉంటుంది, తొక్కబోయే ముందల్లా పంపు పెట్టి చూడాల్సిందే.

బ్రెవేలో 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటల టైముంటుంది, దారిలో ఏమైనా మీరే చూసుకోవాలి. కాబట్టి కొత్త టైర్లు ముందురోజు రాత్రి ఎక్కించకండి, రెండు మూడు వారాల ముందే వేసి వందో నూటయాభయ్యో కిలోమీటర్లు తొక్కండి. సరిగ్గా కూర్చోకపోయినా, ట్యూబు ఇరుక్కున్నా ఈలోపే బయటపడుతుంది. సంచిలో రెండు ట్యూబులు, టైరు లివర్లు, పంపు, ప్యాచీలు, సొల్యూషన్ ఎలాగూ పెట్టుకుంటారు. వాటితోపాటు ఒక గేటరు ముక్క తప్పక ఉండాలి. టైరు కోసుకుపోతే ఎన్ని ట్యూబులున్నా ఆ కంతలోంచి బుడగలా బయటికొచ్చి పేలిపోతూనే ఉంటాయి. ఏమీ లేకపోతే పది రూపాయల నోటుని నాలుగు మడతలేసి టైరుకీ ట్యూబుకీ మధ్య పెట్టండి. మన నోట్లు నూలు పీచుతో చేస్తారు కాబట్టి కాసేపు గట్టిగానే ఆగుతుంది. గాలి కాస్త తగ్గించుకుని, పల్లాల్లో బ్రేకు మీద చెయ్యేసి ఊరు చేరొచ్చు. గేటరు కోసం వేరే డబ్బు పెట్టక్కర్లేదు. ఇప్పుడు తీసేసే వెనక టైరులో బాగున్న చోట అరచేతిలో పట్టేంత ముక్క కోసి, రిమ్ములో కూర్చునే గట్టి అంచు తీసేసి, చివర్లు పల్చగా చెక్కి ఉంచుకోండి. మందంగా వదిలేస్తే ఆ అంచే ట్యూబుని తినేస్తుంది.